తక్కువ తిరిగిన లీజు కారుకు సర్వీసు ఎందుకు?

ప్రశ్న: మూడేళ్ల లీజుకు లగ్జరీ కారు తీసుకున్నాం. ఏడాదిలో 4,000 కిలోమీటర్లే తిరిగింది. సర్వీసు వాయిదా వేయవచ్చా?

జవాబు: వద్దండి. షెడ్యూలులో కిలోమీటర్లు, నెలలు రెండూ ఉంటే, ఏది ముందొస్తే అదే గడువు. దగ్గరి దూరాలే తిరిగే కారులో ఇంజను పూర్తిగా వేడెక్కదు. తేమ, కాలని పెట్రోలు ఆయిల్‌లో చేరి దాన్ని పాడుచేస్తాయి. కొత్త ఆయిల్ పోయించేటప్పుడు గ్రేడు (ఆయిల్ చిక్కదనం) ఒక్కటే చూస్తే చాలదు, మాన్యువల్‌లో చెప్పిన కారు తయారీదారు ఆమోద సంఖ్య కూడా డబ్బా మీద ఉండాలి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. చాలా కార్లలో దాన్ని రెండేళ్లకోసారి మార్చాలి. లేదంటే ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అది మరిగి బ్రేక్ పెడల్ మెత్తబడి బ్రేకు సరిగా పట్టకపోవచ్చు, ఇది నిజంగా ప్రమాదం. ఖర్చు ఎవరిదో ఒప్పందంలో చూడండి. ప్రతి బిల్లు మీద తేదీ, ఓడోమీటరు అంకె, వాడిన ఆయిల్ రకం రాయించండి. రికార్డులో ఖాళీలుంటే కారు అప్పగించేటప్పుడు అదనంగా కట్టాల్సి రావచ్చు.