గమ్ ప్రింటుకి బంక మరిగించకండి

నెల్లూరు నుంచి అడిగారు: "గమ్ ప్రింట్ల కోసం తుమ్మ బంక మరిగించి వాడాను. తెల్లగా ఉండాల్సిన చోట రంగు పట్టేసి వదలడం లేదు. లోపం కాగితానిదా?"

గమ్ ప్రింటంటే బంకలో రంగూ, వెలుగు తగిలితే బంకని గట్టిపరిచే బైక్రోమేట్ అనే రసాయనమూ కలిపి కాగితానికి పూసి, నెగెటివ్ కింద ఎండలో పెట్టి, నీళ్లలో కడిగి తీసే ఫొటో ప్రింటు. కాగితం దాకా వెళ్లే ముందు పొయ్యి ఆపండి. మరిగిస్తే బంక చిక్కదనం చస్తుంది, రంగు నేరుగా కాగితంలోకి దిగుతుంది.

కొన్నదేమిటో కూడా చూసుకోండి. మన అంగళ్లలో ఏ బంకడిగినా ఒకే డబ్బాలోంచి తీసిస్తారు, ఇది మహా అన్యాయం. వేసవిలో చలవకి తాగే బాదం బంక కరగదు, ఉబ్బుతుందంతే. కనిగిరి, ఉదయగిరి వైపు నల్లతుమ్మ బంక కరుగుతుంది గానీ ముదురు రంగు. నలుపు ప్రింట్లకి చాలు. లేత రంగులకి సూడాన్ తుమ్మ బంక గడ్డలే కొనండి. పొడి వద్దు, నీళ్లు తగలగానే ఉండలు కడుతుంది.

100 గ్రాముల గడ్డలు నలగ్గొట్టి, పల్చటి పాత పంచె ముక్కలో వదులుగా మూటకట్టి, 220 మిల్లీలీటర్ల కాచి చల్లార్చిన నీళ్లలో పైభాగాన మునిగేలా వేలాడదీయండి. అడుగున వేస్తే ముద్దయి కూర్చుంటుంది. సీసాని వెలుగుకి ఎదురుగా పెట్టి చూడండి: కరిగిన బంక బరువు కాబట్టి, మూట కింద నుంచి తేనె తీగల్లా మెలికలు తిరుగుతూ దిగుతుంటుంది. ఒకటి రెండు రోజులకి మూటలో బెరడు పీచే మిగులుతుంది. గుడ్డ పిండొద్దు, ఇసుక దిగుతుంది. ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటరు 14 బామే (దాని మీది డిగ్రీలు) చూపాలి. ఎక్కువుంటే నీళ్లు కలపండి. మన ఉక్కకి త్వరగా పులుస్తుంది, చిటికెడు వాముపువ్వు (థైమాల్) కాస్త స్పిరిట్‌లో కరిగించి వేయండి.

ఇప్పుడు కాగితం సంగతి. 10 మిల్లీలీటర్ల బంకలో 1 గ్రాము ట్యూబు వాటర్‌కలర్ కలిపి, బైక్రోమేట్ లేకుండానే పూసి, ఆరాక నీళ్లలో బోర్లించండి. అరగంటలో తెల్లబడితే బంకా కాగితమూ మంచివే. మరక ఉంటే రంగు సగానికి తగ్గించండి. అప్పటికీ ఉంటే, రంగు లోపలికి దిగకుండా కాగితానికి ముందే వేసే జెలటిన్ పూత తక్కువైంది.

ఆ తర్వాతే రంగు కలిపిన బంకలో 10 శాతం పొటాషియం బైక్రోమేట్ ద్రావణం బంకతో సమాన కొలతలో కలపండి. అది విషం. గ్లౌజులు తప్పనిసరి, మిగిలింది కాలవలో పోయకండి. ఇంకొకటి, రాత్రి పూసి పొద్దున ఎండలో పెడుతున్నారా? అక్టోబరు, నవంబరు వానల్లో ఆ తేమకి పూత చీకట్లోనే గట్టిపడిపోతుంది, అప్పుడూ తెలుపు రాదు. పూసి, ఫ్యాను కింద ఆరబెట్టి, ఆ గంటలోనే ఎండ చూపించండి.