జర్మనీ జీవితానికి అలవాటు పడటానికి మీకు ఎంతకాలం పట్టింది?

స్టుట్‌గార్ట్‌కు చదువుకోసం వెళ్తున్నానని, అక్కడి పద్ధతులకు అలవాటు పడటం ఎంత కష్టమని మీరు అడిగారు. నేను ఆ ఊరిలో ఆరేళ్లుగా ఉంటున్నాను. చలికీ, రొట్టెకూ, డిసెంబరులో సాయంత్రం నాలుగున్నరకే కమ్ముకునే చీకటికీ ఏడాదిలోగానే అలవాటు పడ్డాను. ఎక్కువ కాలం పట్టినవి మెట్లు, సర్వనామాలు.

ఒక పాత ఇంట్లో పై వాటా అద్దెకు తీసుకున్న మొదటి నెలలోనే, నా తలుపు పిడికి ఒక చిన్న చెక్కపలక వేలాడుతూ కనిపించింది. దాని మీద 'కేర్‌వోఖె' అని రాసి ఉంది. ఏదో ప్రకటన కాబోలనుకుని తీసి చెప్పుల స్టాండు మీద పెట్టాను. పది రోజుల తరువాత, కింది వాటాలో ఉండే డెబ్బై ఏళ్లు దాటిన ఆవిడ చీపురు పట్టుకుని వచ్చి తలుపు తట్టారు. స్టుట్‌గార్ట్ ఉన్న స్వాబియా ప్రాంతపు ఇళ్లలో మెట్లు, నడవ, ఇంటి ముందరి కాలిబాట శుభ్రం చేసే పని అద్దెకున్నవారందరికీ వంతులవారీగా వస్తుంది; ఆ వంతునే 'కేర్‌వోఖె', అంటే ఊడ్చే వారం అంటారు. పలక ఎవరి తలుపుకు ఉంటే ఆ వారం వంతు వారిది, పని ముగియగానే దాన్ని పక్కవారి తలుపుకు తగిలించాలి. దీన్ని తప్పనిసరి చేసే స్టుట్‌గార్ట్ నగర నిబంధనను 1988లోనే ఎత్తివేసినా, అద్దె ఒప్పందాల్లో అది ఇప్పటికీ కనిపిస్తుంది. నా ఒప్పందంలోనూ ఉంది, నేనే చదవలేదు.

మా అమ్మ తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చి కల్లాపి చల్లుతుంటే ముసుగుతన్ని పడుకున్నవాణ్ణి, శనివారం ఉదయం మోకాళ్ల మీద కూర్చుని మెట్ల అంచులు తుడవడం నేర్చుకున్నాను. ఇరుగుపొరుగుతో నాకు పరిచయం కలిగింది కూడా ఆ మెట్ల మీదే. జర్మన్లు ముభావులని మనవాళ్లు అంటుంటారు గానీ, చేతిలో పని ఉన్నవాడిని చూస్తే వారు అరగంటైనా నిలబడి మాట్లాడటం నేను చూశాను. తరగతిలో 'హాండ్‌ఫేగర్' అని నేర్చుకున్న చేతి చీపురును ఇక్కడ 'కేర్‌విష్' అనాలని దిద్దింది కూడా ఆ కింది వాటా ఆవిడే.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కనుక బియ్యం, పాలు శనివారమే తెచ్చుకోండి. పచ్చడి కూడా ఆ రోజే రుబ్బుకోండి; ఆదివారం మిక్సీ మోత ఎవరూ సహించరు.

ఇక సర్వనామాలు. మన మీరు, నువ్వు లాగే వారికి 'జీ', 'డూ' ఉన్నాయి కాబట్టి సులువే అనుకున్నాను. కానీ పెద్దలయిన అపరిచితులు వయసులో ఎంత తేడా ఉన్నా ఒకరినొకరు 'జీ' అనే అనుకుంటారు. మా మామ్మ వయసున్న ఆ కింది వాటా ఆవిడ, మా ఊళ్లో ఎవరూ పిలవని నా ఇంటిపేరుతో నన్ను పిలిచి గౌరవిస్తుంటే ఒళ్లు ముడుచుకుపోయేది. రెండేళ్లకు ఆవిడే, ఇక 'డూ' అనుకుందామన్నారు. ఆ మాట పెద్దవారి నోటి నుంచే రావాలి, వచ్చాక కాదనడం మర్యాద కాదు. నాకేమో నోరు పెగల్లేదు. ఆరోగ్యం బాగుందా, కాఫీ పెట్టమంటారా అన్నవాటిని కూడా సర్వనామం తగలకుండా ఎలా అడగాలా అని మెట్లు దిగుతూ వాక్యాలు కూర్చుకునేవాణ్ణి. ఇప్పుడు తడబడకుండా 'డూ' అంటున్నాను. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం ఆవిడ ఇలా అన్నారు, అలా చేశారు అనే చెబుతాను; మా అమ్మ కూడా 'మెట్ల మామ్మగారు ఎలా ఉన్నారు' అనే అడుగుతుంది.