తొంభై దాటితే వణికే కారు: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ సెకండ్ హ్యాండ్ కారు సంగతంతా చదివాను. ఊళ్లో తిరిగినంతసేపూ హాయిగా ఉంటోందని, హైవే ఎక్కి తొంభై దాటగానే స్టీరింగ్ వణుకుతోందని, నూట పది దగ్గర మళ్లీ కాస్త తగ్గుతోందని రాశావు. ఒక మెకానిక్ యాక్సిల్ (ఇంజన్ బలాన్ని చక్రానికి చేర్చే కడ్డీ, దీన్నే డ్రైవ్ షాఫ్ట్ అంటారు) మార్చాలన్నాడు, ఇంకొకాయన అలైన్‌మెంట్ (చక్రాలు నిలిచే కోణాలు సరిచేయడం) చేయిస్తే పోతుందన్నాడు. ఎవరి మాట వినాలో తెలియక నువ్వు టెన్షన్ పడుతున్నావు. తల్లీ, అదురు ఎక్కడ పుడుతోందో తేలేదాకా ఒక్క పార్టు కూడా మార్పించకు. నా జీవితంలో ఎక్కువ భాగం బళ్ల కిందే గడిచింది. ఇలాంటి కంప్లయింటుతో వచ్చిన వాటిలో పనికొచ్చే పార్టులు తీసి పారేసిన బళ్లను చాలా చూశాను. బాధగా ఉండేది.

అన్నిటికంటే ముందు, మళ్లీ హైవే ఎక్కకముందే, నాలుగు టైర్లూ నువ్వే చూడాలి. కారు ఆపి, టైరు చుట్టూ అరచేత్తో నెమ్మదిగా తడుము. లోపలి తీగలు పైకి తేలి ఉంటే గుచ్చుకుంటాయి, జాగ్రత్త. పక్క గోడమీద గానీ నేలను తాకే భాగంలో గానీ ఎక్కడైనా బుడిపెలా ఉబ్బి ఉందా? గంటకు ఇరవై ముప్పై కిలోమీటర్ల వేగంలో కారు ముందుభాగం గానీ వెనకభాగం గానీ అటూఇటూ ఊగుతున్నట్టు అనిపిస్తోందా? అలా ఉంటే టైరు లోపలి ఉక్కు తీగల పొర రబ్బరు నుంచి విడిపోతూ ఉండొచ్చు. అది వేగంలో ఉన్నట్టుండి ఊడిపోగలదు. అలాంటి టైరుతో హైవే మాట తలపెట్టకు, వెంటనే మార్చు. ఆ ఒక్క సందర్భంలో నా దగ్గర ఇంకో సలహా లేదు.

టైరు పక్కన డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. పాత బండి కొన్నప్పుడు నాలుగు టైర్లూ ఒకే వయసువి, ఒకే రకానివి అయి ఉంటాయని అనుకోకూడదు. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి కూడా చూసుకో. ఎంత గాలి ఉండాలో సాధారణంగా డ్రైవర్ తలుపు చట్రం దగ్గరి స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. టైరు మీద కనిపించే అంకె గరిష్ఠ పరిమితి, నువ్వు నింపాల్సినది కాదు.

టైర్లు పైకి బాగానే ఉన్నాయనుకో, అప్పుడు రోడ్డు పరీక్ష. పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని కాగితం, పెన్ను వాళ్లకివ్వు. నీ కళ్లు రోడ్డు మీదే ఉండాలి. నున్నటి, తిన్నటి, రద్దీ లేని రోడ్డు చూసుకుని, అక్కడ అనుమతించిన వేగం లోపలే నడుపు. అదురు ఏ వేగంలో మొదలైంది, ఎక్కడ ఎక్కువైంది, ఎక్కడ తగ్గింది, చేతుల్లో తెలుస్తోందా, సీటులో తెలుస్తోందా, ఇవన్నీ రాయించు. స్టీరింగ్ వణికితే సాధారణంగా ముందు చక్రాల వైపు, సీటూ నేలా అదిరితే వెనక చక్రాల వైపు చూడాలి.

ఇప్పుడు అసలు పరీక్ష. నీది మాన్యువల్ గేర్ కాబట్టి ఇది తేలిక. తొంభై అయిదు దగ్గర అదురుతుండగా అదే వేగంలో ఐదో గేర్ నుంచి నాలుగో గేర్‌కు దించు. కారు వేగం మారలేదు, ఇంజన్ తిరిగే వేగం మాత్రం పెరిగింది. అదురు అలాగే ఉంటే ఇంజన్‌ను వదిలెయ్. తర్వాత ముందూ వెనకా ఎవరూ లేనప్పుడు కొన్ని సెకన్లు న్యూట్రల్‌లో వదిలి చూడు. ఇంజన్ మాత్రం ఆపకు. ఆపితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకుకు ఉండే సాయమూ పోతుంది. న్యూట్రల్‌లోనూ అదురుతుంటే అది చక్రాలతో పాటు తిరిగే దేంట్లోనో ఉంది. చివరగా బండి నిలిపి, న్యూట్రల్‌లోనే ఇంజన్‌ను అదే ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దాకా రేజ్ చెయ్. అక్కడా అదిరితే ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్‌లు చూపించాలి.

నువ్వు రాసిన లక్షణాలు, తొంభైలో మొదలై నూట పదికి తగ్గడం, నాకు చక్రాలనే చూపిస్తున్నాయి. ఎందుకో చెబుతాను. మామూలు కారు చక్రం గంటకు వంద కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు పద్నాలుగు, పదిహేను సార్లు తిరుగుతుంది. చక్రాన్ని పట్టుకుని ఉండే సస్పెన్షన్‌కు కూడా ఊగడానికి తనదైన లయ ఒకటుంటుంది. చాలా కార్లలో అది సెకనుకు పది నుంచి పదిహేను సార్లు. చక్రం తిరిగే వేగం ఆ లయతో కలిసినప్పుడు చిన్న తేడా కూడా పెద్ద వణుకవుతుంది. వేగం ఇంకా పెరిగితే లయ తప్పి వణుకు సన్నబడుతుంది. తగ్గింది కదా, బాగయిందని అనుకోవద్దు. చక్రం మీద పడే బలం నిజానికి పెరుగుతూనే ఉంటుంది, వేగం రెట్టింపైతే నాలుగు రెట్లు. పదిహేను అంగుళాల రిమ్ అంచున ముప్పై గ్రాముల బరువు తేడా ఉందంటే వంద కిలోమీటర్ల వేగంలో అది దాదాపు ఐదు కిలోల బరువంత బలంతో చక్రాన్ని ప్రతి చుట్టులోనూ లాగుతుంది. చక్రం సమంగా తిరగడానికి రిమ్‌కు అంటించిన ఒక చిన్న బరువు ఊడిపోతే చాలు, ఇంత పని చేస్తుంది.

అందుకే రిమ్‌ల లోపలి వైపు టార్చి వేసి చూడు. ఎండిపోయిన మట్టి గడ్డకట్టి ఉందా? అంటించిన బరువు ఊడిపోయిన చోట శుభ్రంగా చతురస్రపు గుర్తు కనిపిస్తోందా? బయట మెరిసే అల్లాయ్ రిమ్ లోపలి అంచున వంగి ఉండొచ్చు. గుంతలో పడిన బళ్లలో ఎక్కువగా అక్కడే వంగుతుంది, బయటి నుంచి చూసేవాళ్లకు తెలియదు. ఒకసారి నా దగ్గరికి వచ్చిన కారుకు అంతకుముందే రెండు డ్రైవ్ షాఫ్ట్‌లూ మార్చేశారు. లోపలి అంచున ఒక వంపు, దాని పక్కన పిడికెడు మట్టి, అంతే. ఆ కుటుంబం పెట్టిన ఖర్చు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

బ్యాలెన్సింగ్‌కు, అంటే చక్రం చుట్టూ బరువు సమం చేయించడానికి, వెళ్లినప్పుడు పక్కనే నిలబడు, సిగ్గుపడకు. ముందు చక్రం కడగాలి, పాత బరువులు తీసేయాలి. మెషిన్ మీద చక్రం తిరుగుతున్నప్పుడు రిమ్ అంచు మీద కళ్లు పెట్టు. అంచు అటూఇటూ కదిలినా, టైరు పైకీ కిందికీ ఎగిరినట్టున్నా, ఎన్ని గ్రాములు అంటించినా సున్నా చూపిస్తారేమో గానీ అదురు పోదు. సున్నా వచ్చాక చక్రాన్ని విప్పి, సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించి చూడమని అడుగు. అంకె బాగా మారితే చక్రం మెషిన్ మీద సరిగ్గా కూర్చోలేదన్నమాట. అప్పటి బ్యాలెన్సింగ్ చెల్లదు.

చక్రం మళ్లీ బండికి బిగించేటప్పుడు హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) మీది తుప్పు వైర్ బ్రష్‌తో తీయించు. ఆ ముఖం మీద సన్నటి పొర ఉన్నా చక్రం వాలుగా కూర్చుంటుంది. పాత యజమాని బయటి అల్లాయ్‌లు వేయించి ఉంటే వాటి మధ్య రంధ్రం హబ్ కంటే పెద్దగా ఉండొచ్చు. అలాంటి వాటికి ఆ ఖాళీని పూరించే సరైన రింగులు పడాలి. నట్లు చక్రం గాలిలో ఉన్నప్పుడే నక్షత్రం గీసినట్టు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి, నేల మీదికి దించాక, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తో కంపెనీ పుస్తకంలో చెప్పినంతే బిగించాలి. నట్లు బిగించే గన్‌తో టకటకా కొట్టేసి వదిలేస్తే ఒప్పుకోకు.

అప్పటికీ పోకపోతే, ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూడు. నాలుగూ ఒకే సైజు అయితేనే, ఒకే దిశలో తిరగాల్సిన టైర్లయితే అదే పక్కన ఉంచుతూ. వణుకు చేతుల నుంచి సీటుకు మారిందంటే దొంగ ఆ చక్రాల్లోనే ఉన్నాడు. కారు కొనకముందు చాలాకాలం ఒకేచోట నిలబడి ఉందా అని కూడా అడుగు. అలా నిలిచిన టైర్ల అడుగు చదునవుతుంది. కొంత దూరం తోలి వేడెక్కాక అదురు తగ్గితే కారణం అదే కావచ్చు.

అలైన్‌మెంట్ మాట. అది తప్పితే కారు ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక వైపే అరుగుతుంది. వణుకును అలైన్‌మెంట్ పోగొట్టదు, కాబట్టి దాన్ని మందుగా నమ్మవద్దు.

యాక్సిల్ అన్నాయన మాట ఎప్పుడు నిజమవుతుందంటే, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు అదిరి, పాదం తీయగానే ఆగిపోతే. ముందు చక్రాలు లాగే కారులో యాక్సిల్ లోపలి జాయింట్ అరిగినప్పుడు అలా జరుగుతుంది. నీ ఉత్తరంలో ఆ మాట లేదు, కానీ రోడ్డు మీద చూసి రాయించు. బ్రేకు వేసినప్పుడు మాత్రమే కొట్టుకుంటే బ్రేకు డిస్క్‌ల సంగతి. కాసేపు నడిపాక ఎక్కువై, ఒక చక్రం మిగతా వాటికంటే బాగా వేడెక్కి కాలిన వాసన వస్తే బ్రేకు పట్టేసి ఉంది, దాంతో నడపకు. హోరుమనే శబ్దం వేగంతో పెరిగి, కొద్దిగా పక్కకు తిప్పినప్పుడు మారితే చక్రం బేరింగ్ సంగతి. అరిగిన బుష్‌లూ (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు ముక్కలు), స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్‌లూ మామూలుగా అదురును పుట్టించవు, ఉన్న అదురును నీ చేతుల దాకా మోసుకొస్తాయి. కారును జాకీ మీద ఎత్తించి చక్రాన్ని గడియారంలో 12, 6 అంకెల దగ్గర పట్టుకుని ఊపితే బేరింగ్, బాల్ జాయింట్‌ల వదులు తెలుస్తుంది, 3, 9 దగ్గర ఊపితే స్టీరింగ్ వైపు వదులు తెలుస్తుంది. జాకీ ఒక్కటే నమ్మి ఎవ్వరూ కారు కిందికి దూరకూడదు, స్టాండ్ ఉండాల్సిందే.

ఒకసారికి ఒక్క పనే చేయించు. ప్రతి పని తర్వాత అదే రోడ్డు మీద అదే వేగంలో నడిపి, ముందు రాసిన దానితో పోల్చు. రెండు పనులు కలిపి చేయిస్తే దేనివల్ల బాగైందో నీకూ తెలియదు, వాళ్లకూ తెలియదు.

నీ కాగితం నాకు పంపు. అదురు మొదలైన వేగం, తగ్గిన వేగం, గేర్ మార్చినప్పుడు ఏమైంది, న్యూట్రల్‌లో ఏమైంది, నాలుగు టైర్ల మీద ఉన్న అంకెలు, అన్నీ కావాలి. చక్రాలు విప్పించిన తర్వాత యాభై నుంచి వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి సరిచూపించుకో, మరచిపోకు.

ప్రేమతో,
మామయ్య