పడమటి బెడ్‌రూమ్‌కు బ్లాకౌట్ బ్లైండ్ వేసినా వెలుతురు, వేడి వస్తుంటే

బ్లాకౌట్ బ్లైండ్ (వెలుతురును ఆపే గుడ్డ తెర) వేసినా పక్కల నుంచి ఎండ చారలు పడుతుంటే, బహుశా మీ రోలర్ బ్లైండ్‌ను, అంటే పైన గొట్టానికి చుట్టుకునే ఆ తెరను, కిటికీ గూటి లోపల బిగించారు. తెరను లాగే చైన్, గొట్టాన్ని పట్టి ఉంచే బ్రాకెట్లు పట్టాలి కాబట్టి గుడ్డను రెండు పక్కలా ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువే కోస్తారు. ఆ ఎండ చారలు ఈ సందుల్లోంచే వస్తాయి. గుడ్డ మంచిదే అయ్యుంటుంది.

1. బ్రాకెట్లు తీయించి గూటి బయట, కిటికీ పైగోడకు బిగించండి.

2. గుడ్డ కిటికీ గూటి కంటే రెండు పక్కలా, కిందా సుమారు 10 సెం.మీ. ఎక్కువ ఉండాలి. పాతది సరిపోదు, ఖర్చు తప్పదు.

3. చాలామంది వదిలేసేది ఇదే: ఆర్డర్ చీటీలో "ఇది గుడ్డ వెడల్పు" అని రాయించండి. ఊరికే వెడల్పు అంటే బ్రాకెట్ నుంచి బ్రాకెట్‌కు లెక్కేసి, గుడ్డను మళ్లీ తగ్గించేస్తారు. నోటిమాట చాలదు.

వేడి సంగతి వేరు. ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక ఏ బ్లైండైనా కొంతే ఆపగలదు. అద్దం వైపు తెల్లగా ఉండే గుడ్డ తీసుకోండి. బాల్కనీ ఉంటే బయట వెదురు తడిక దించడం ఇంకా నయం, ఖర్చూ తక్కువే.

పిల్లలుంటే చైన్ వేలాడకుండా గోడకు క్లిప్పుతో బిగించమనండి.