పిప్‌తో ఇన్‌స్టాల్ చేసినా మాడ్యూల్ దొరకలేదని పైథాన్ ఎందుకు అంటుంది?

మీరు పిప్ అనే సాధనంతో ప్యాకేజీ (ఇతరులు రాసిపెట్టిన కోడ్) వేసిన పైథాన్ ఒకటి, ప్రోగ్రామ్‌ను నడిపిస్తున్న పైథాన్ మరొకటి కావడమే ఎక్కువసార్లు దీనికి కారణం.

ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు పైథాన్‌లు ఉండటం మామూలే. సిస్టమ్‌తో వచ్చింది ఒకటి, మనం దించుకున్నది ఒకటి, ఒక ప్రాజెక్ట్ కోసమే విడిగా చేసుకున్న పైథాన్ అర, అంటే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లోది ఇంకొకటి. ఒక్కోదానికీ ప్యాకేజీలు చేరే సైట్-ప్యాకేజెస్ అనే సొంత ఫోల్డర్ ఉంటుంది. కోడ్‌లో ఇంపోర్ట్ అని ప్యాకేజీని పిలవగానే పైథాన్ తన ఫోల్డర్‌లోనే చూస్తుంది, పక్కదాని జోలికి పోదు. తిరుచానూరులో దించిన మూటను అలిపిరిలో వెతికితే దొరుకుతుందా?

తిరుపతిలో ఒక కాలేజీ ల్యాబ్‌లో విద్యార్థి టెర్మినల్‌లో ‘పిప్ ఇన్‌స్టాల్ పాండాస్’ అని కొట్టాడనుకుందాం. అది పైథాన్ 3.11లోకి వెళ్లింది. ఎడిటర్ మాత్రం 3.12తో నడుస్తోంది. ఇక ఎర్రర్ ఖాయం. ఆ ఎడిటర్‌లోనే సిస్ మాడ్యూల్‌లోని ఎగ్జిక్యూటబుల్ (sys.executable) విలువను ప్రింట్ చేస్తే, నడుస్తున్న పైథాన్ ఎక్కడుందో పూర్తి పాత్ (ఫైల్ చిరునామా) కనిపిస్తుంది. టెర్మినల్‌లో ఆ పాత్ రాసి, దాని వెనక ‘-ఎం పిప్ ఇన్‌స్టాల్ పాండాస్’ అని కొడితే ప్యాకేజీ సరైన చోటికే చేరుతుంది.

చాలామంది ప్యాకేజీ పాడైందనుకుని తీసేసి మళ్లీ మళ్లీ వేస్తుంటారు. అదే పిప్‌తో పదిసార్లు వేసినా పోయేది అదే ఫోల్డర్‌కి. ‘రిక్వైర్‌మెంట్ ఆల్రెడీ శాటిస్‌ఫైడ్’ (కావలసింది ఇప్పటికే ఉంది) అని వస్తే అది అబద్ధమేమీ కాదు, పిప్ తన ఫోల్డర్ సంగతి చెబుతోంది, అంతే. అన్నట్టు, పేర్లు కూడా ఒక్కోసారి తిప్పలు పెడతాయి: బొమ్మల పనికి వాడే ప్యాకేజీని పిల్లో అని ఇన్‌స్టాల్ చేసినదాన్ని ఇంపోర్ట్ చేసేటప్పుడు పీఐఎల్ అని, అదీ పెద్దక్షరాల్లో రాయాలి.