లివర్‌పూల్ వాకర్ ఆర్ట్ గ్యాలరీ ఒక బీరు వ్యాపారి పేరు మీద ఉందట, ఎవరీ వాకర్?

మీరు అడిగిన వాకర్ విస్కీ సీసా మీద టోపీ పెట్టుకుని నడిచే వాకర్ కాదండీ. ఆయన కిల్మార్నాక్‌లో కిరాణా కొట్టు పెట్టిన మనిషి. ఈయన ఆండ్రూ బార్‌క్లే వాకర్. తమాషా ఏమిటంటే ఇద్దరిదీ స్కాట్లండ్‌లోని ఎయిర్‌షైర్ ప్రాంతమే. నేనూ మొదట ఇద్దరూ ఒకరే అనుకున్నాను.

నేను లివర్‌పూల్ యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌లో ఎమ్మెస్సీ చేశాను. ఆ చలికాలంలో మా గదిలో హీటర్ పాడైపోయింది. ఓనర్ ఇవాళ రేపు అంటూ మూడు వారాలు తిప్పాడు. లైమ్ స్ట్రీట్ స్టేషన్‌కి ఎదురుగా రెండడుగులు వేస్తే గ్యాలరీ, లోపల వెచ్చగా ఉంటుంది, టికెట్ లేదు. అలా మొదలైంది నా కళాభిమానం.

వాకర్ 1824లో పుట్టాడు. తండ్రి పీటర్ కూడా బీరు కాచే వ్యాపారే, కంపెనీ పేరు 'పీటర్ వాకర్ అండ్ సన్'. వారింగ్టన్‌లోనూ, బీరుకి పేరుపడ్డ బర్టన్‌లోనూ వాళ్లకు బ్రూవరీలు ఉండేవి. కానీ నన్నడిగితే ఆయన తెలివంతా కనబడేది పబ్బుల దగ్గరే. మిగతా బ్రూవరీల వాళ్లు చాలామంది పబ్బును అద్దెకిచ్చి, మా బీరే అమ్మాలి అని షరతు పెట్టేవాళ్లు. లాభం అద్దెదారుకి మిగిలేది. ఈయన మాత్రం లివర్‌పూల్‌లో పబ్బులు తన చేతిలోనే ఉంచుకుని జీతానికి మేనేజర్లను పెట్టాడు. కాచిన లాభమూ ఆయనదే, గ్లాసులో పోసిన లాభమూ ఆయనదే.

1873లో మేయర్ అయ్యాడు. అప్పటికి రెండేళ్ల ముందు నుంచే ఊళ్లో ఏటా శరదృతువులో చిత్ర ప్రదర్శన జరుగుతోంది, దానికి సరైన భవనం మాత్రం లేదు. నేను కట్టిస్తాను అని 20,000 పౌండ్లు ఇచ్చాడు. 1874లో శంకుస్థాపన, 1877 సెప్టెంబరులో ప్రారంభం. ఆ సమయానికి ఆయన మళ్లీ మేయరే! అదే ఏడాది విక్టోరియా రాణి సర్ బిరుదు ఇచ్చింది. 1884లో పూర్తయిన విస్తరణకీ డబ్బు ఆయనదే.

అందరూ చప్పట్లు కొట్టారనుకోకండి. మద్యపాన వ్యతిరేకులు గట్టిగానే విరుచుకుపడ్డారు. రేవు కూలీల వారం కూలి పబ్బుల్లో పోతుంటే ఆ డబ్బుతో బొమ్మల కొలువా అన్నది వాళ్ల బాధ. మాది నెల్లూరు జిల్లా. 1992 నాటి దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం కథ మా అమ్మ నోట వింటూ పెరిగాను కాబట్టి నాకు వాళ్ల కోపం న్యాయంగానే అనిపిస్తుంది. అయినా హీటర్ లేని ఆదివారాలు ఆ గ్యాలరీలోనే గడిపాను, ఏం చేస్తాం!

యూనివర్సిటీకి వస్తే అక్కడా ఈయనే. 1889లో తెరిచిన ఇంజనీరింగ్ లాబొరేటరీలు ఆయన ఇచ్చిన డబ్బుతో కట్టినవి. నేను మెటీరియల్స్ ల్యాబ్‌కి వెళ్తూ వాకర్ బిల్డింగ్ అన్న పేరు రోజూ చూసేవాణ్ణి, అది ఈయనేనని తెలియడానికి నాలుగు నెలలు పట్టింది. 1886లో బారొనెట్ (వంశపారంపర్యంగా వచ్చే 'సర్' బిరుదు) అయ్యాడు, 1893లో పోయాడు. కంపెనీ తర్వాత 1921లో పోటీదారు రాబర్ట్ కెయిన్ కంపెనీతో కలిసిపోయింది.

గ్యాలరీకి వెళ్తే యీమ్స్ అనే చిత్రకారుడు వేసిన పెద్ద బొమ్మ తప్పక చూడండి. ఇంగ్లండ్ అంతర్యుద్ధం నాటి దృశ్యం అది, నీలం బట్టల పిల్లాణ్ణి శత్రుపక్షం అధికారులు మీ నాన్న ఎక్కడని అడుగుతుంటారు. గ్యాలరీ తెరిచిన మరుసటి ఏడాదే కొన్నారు దాన్ని. ఇంకో మాట, గుమ్మానికి అటూ ఇటూ కూర్చుని ఉన్న పాలరాతి విగ్రహాలు రాఫేల్‌వీ, మైకెలాంజెలోవీ. మా రూమ్మేట్ మైకెలాంజెలో పక్కన నిలబడి ఫొటో దిగి, "ఈయనే ఆ బీరు ఆసామి" అని ఇంటి గ్రూపులో పెట్టేశాడు.