నాన్నగారు బైబిలు ఇంట్లో వదిలి వెళ్ళిన సాయంత్రం

"తల్లి గానీ తండ్రి గానీ జీవితాంతం చేసిన వాక్య పరిచర్య (బైబిలు బోధ) పిల్లలకు దేవుని సేవకు పిలుపుగా మారుతుందా, లేక అదంతా వట్టి వారసత్వమేనా? సొంత అనుభవం ఉన్నవారు చెప్పండి" అన్నది ప్రశ్న. ఇలా అడిగినప్పుడు చాలామంది తమ తండ్రి ప్రసంగాల గొప్పతనాన్ని తలచుకుంటారు. నా అభిప్రాయం వేరు. వారానికి మూడు సార్లు వినే ప్రసంగం మీద ఇంట్లోని పిల్లలకు విసుగు పుడుతుందే తప్ప భక్తి పుట్టదు. నాకు పుట్టలేదు, నాకు తెలిసిన పాస్టర్ల పిల్లలలో ఒక్కరికీ పుట్టలేదు. పిల్లలను సేవలోకి లాగేది, ప్రసంగం ముగిసి అందరూ చెప్పులు తొడుక్కొని వెళ్ళిపోయిన తరువాత ఆ తండ్రి ఏం చేస్తాడన్నదే.

మా నాన్నగారు సికింద్రాబాదులోని లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పగలంతా బోగీల కింద పనిచేసి, సాయంత్రం గ్రీజు వదిలేదాకా చేతులు రుద్దుకొని, తెల్లచొక్కా తొడుక్కొని ప్రార్థన కూటాలకు బయలుదేరేవారు. యౌవనంలో ఆయన హైదరాబాదు గోల్కొండ చౌరస్తా దగ్గరి హెబ్రోనులో రక్షణ పొందారు, అంటే క్రీస్తును నమ్ముకున్నారు. పంజాబులో 1903లో సిక్కు కుటుంబంలో పుట్టి, ఇంజనీరింగు చదువు కోసం విదేశాలకు వెళ్ళి, కెనడాలో క్రీస్తును నమ్ముకొని తిరిగివచ్చిన భక్తసింగ్ గారు 1950లో మొదలుపెట్టిన మందిరం అది. సేవకుడు జీతం అడగకూడదు, కానుకల కోసం ఎవరి ముందూ నోరు తెరవకూడదు అన్న నియమాన్ని నాన్నగారు అక్కడే నేర్చుకున్నారు. అందుకే ఉద్యోగం మానలేదు. బైబిలులోని అపొస్తలుడు పౌలును తలచుకొని, "పౌలు డేరాలు కుట్టిండు, నేను బోల్టులు బిగిస్తున్న" అనేవారు. భక్తసింగ్ గారు 2000 సెప్టెంబరు 17న కన్నుమూసినప్పుడు ఆయన సెలవు పెట్టి, రోజంతా ఉపవాసముండి, ఎవరితోనూ మాట్లాడలేదు.

మా సంఘం చిలకలగూడ దగ్గర ఒక రేకుల గదిలో కూడుకొనేది. అద్దె నాన్నగారి జీతం నుంచే. నలభై మంది విశ్వాసులు, చాపల మీద ఒక పక్క మగవారు, ఒక పక్క ముసుగులు వేసుకున్న ఆడవారు, ఒక ఢోలకు, ఒక కంజీర. మైకు లేదు. ఇప్పుడు పాతిక మంది కూర్చునే గదిలో కూడా రెండు స్పీకర్లు పెట్టి, ప్రార్థన చేసే గొంతుకు ప్రతిధ్వని తగిలించి, కింద కీబోర్డు మోగిస్తూ ఉంటే దేవుడికి చెవుడు వచ్చిందేమోనని అనుమానం కలుగుతుంది గానీ, ఆ సంగతి ఇక్కడ వద్దు. పాస్టరుగారి అమ్మాయిని కనుక దేశమంతా టీవీ ముందు కూర్చున్న ఆదివారం ఉదయాలు నాకు తెలియవు. పెద్దయ్యాక చేసే పనుల జాబితాలో సేవ లేనే లేదు. బ్యాంకు ఉద్యోగం, ఆదివారం పొద్దెక్కేదాకా నిద్ర, ఇవి రెండే ఉండేవి.

1993 వానాకాలంలో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, నాన్నగారు ఒక ఆదివారం బైబిలులోని అపొస్తలుల కార్యములు ఐదో అధ్యాయం నుంచి అననీయ సప్పీరాల గురించి వర్తమానం, అంటే ప్రసంగం, చెప్పారు. పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకొని, అంతా తెచ్చామని అబద్ధమాడి, పేతురు పాదాల దగ్గర ప్రాణం విడిచిన దంపతుల కథ అది. మంచి ఊపులో ఉండగా, "మన నడుమ కూడ ఉన్నరు, చిట్టీ పాడుకొని పైసలు ఎత్తుకొని, తెల్లారి నుంచి ముఖం తప్పించి తిరిగేటోళ్ళు" అన్నారు. పేరు చెప్పలేదు. నలభై మంది ఉన్న గదిలో పేరు చెప్పవలసిన అవసరమేముంది? అందరి తలలూ తిరగలేదు గానీ, అందరి కళ్ళూ ఒకే వైపుకు వెళ్ళాయి. మోండా మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మే ఒకామె ముసుగు ఇంకొంచెం ముందుకు లాక్కొని, చివరి పాట దాకా అలాగే కూర్చొని, ఎవరికీ వందనాలు చెప్పకుండా వెళ్ళిపోయింది.

ఆ రాత్రి అమ్మ అసలు సంగతి చెప్పింది. అత్తగారి ఆపరేషనుకు ఆమె ఆ చిట్టీ ఎత్తుకుందనీ, దసరా నుంచి నెలకు రెండు కిస్తులు కడతానని చిట్టీ నడిపే ఆమెతో ముందే ఒప్పందం చేసుకుందనీ, ముఖం తప్పించి తిరిగిందన్నది ఎవరో కల్పించి నాన్నగారి చెవిన వేసిన మాట అనీ చెప్పింది. నాన్నగారు కంచంలో చెయ్యి కడుగుకున్నారు. సోమవారం మాట్లాడలేదు. మంగళవారం పని నుంచి వచ్చి, స్నానం చేసి, "ఆమె ఇల్లు నీకు ఎరుకేనా?" అని నన్ను అడిగారు. ఆమె కూతురు నాతో సండే స్కూలుకు వచ్చేది కనుక అడ్డగుట్టలోని ఆ సందు నాకు తెలుసు. సైకిలు వెనుక కూర్చున్న తరువాత గమనించాను, ఆయన చేతిలో బైబిలు లేదు. విశ్వాసుల ఇంటికి బైబిలు లేకుండా ఆయన వెళ్ళడం నేను అంతవరకూ చూడలేదు. మరిచిపోయారేమో అని గుర్తుచేస్తే, "ఇయ్యాల చెప్పనీకి పోతలేను బిడ్డా, అడగనీకి పోతున్న" అన్నారు.

ఆమె గడప లోపల తడిపిన గోనెసంచి పరచుకొని మరునాటి బేరానికి కొత్తిమీర కట్టలు కడుతూ ఉంది. పిడికిలితో తీసుకోవడం, వేళ్ళు సమం చేసి నేలకు తట్టడం, దారం రెండు చుట్లు తిప్పి పళ్ళతో తెంపడం. మమ్మల్ని చూసింది, కూర్చోమనలేదు. నాన్నగారు గడప బయటే, చూరు నుంచి నీళ్ళు కారుతున్న చోట నిలబడి, "చెల్లెమ్మా, నేను విన్న మాట అబద్ధం. అరుసుకోకుండ దాన్ని దేవుని వాక్యంల కలిపిన. నన్ను క్షమించు" అన్నారు. ఆమె ఇంకో కట్ట కట్టింది. ఆ తరువాత తల ఎత్తకుండానే, "ఆదివారం నలభై మంది ముంగట అంటిరి. మంగళవారం ఇంటికొచ్చి నా ఒక్కదాని చెవుల చెప్తున్నరా అయ్యగారూ?" అంది.

నాన్నగారి మాటకు ఎదురు మాట నేను వినడం అదే మొదటిసారి. ఆయన జవాబు వెతుక్కోలేదు. "నిజమే" అన్నారు. ఇంకా కాసేపు నిలబడి, మళ్ళీ "నిజమే" అని, సైకిలు తిప్పారు. వచ్చేటప్పుడు ఎక్కలేదు, ఇల్లు చేరేదాకా సైకిలును నడిపించుకుంటూనే వచ్చారు.

తరువాతి ఆదివారం ఆయన బల్ల వెనుక నిలబడలేదు. చాపల మధ్యకు వచ్చి, పోయిన వారం తాను చెప్పిన ఉదాహరణ అబద్ధమనీ, అననీయ సప్పీరాలు ఆడిన అబద్ధం ఎవరి ఇంట్లోనో లేదనీ, ఆ రోజు తన నోట్లోనే ఉందనీ చెప్పి కూర్చున్నారు. వర్తమానం చెప్పలేదు. పాటలు పాడి ముగించాము. విచారమేమంటే, ఎవరి కోసం ఆ మాట చెప్పారో ఆమె ఆ రోజు రాలేదు. ఆ తరువాత కూడా మా గదికి రాలేదు. ఇంటి దగ్గరి వేరే సంఘానికి వెళ్ళిందని విన్నాము. సంఘంలోని పెద్దలు ఇద్దరు మాత్రం ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి, సేవకుడే ఇలా ఒప్పుకుంటే వాక్యానికి విలువ ఉండదని గంటసేపు కోప్పడ్డారు. ఆమెకూ మా అమ్మకూ మార్కెట్‌లో మాటలు కుదిరాయి గానీ, ఒక్క కొత్తిమీర కట్ట కూడా అమ్మకు ఊరకే ఇవ్వలేదు.

ఇది జరిగాక నాన్నగారి ప్రసంగాలు మారిపోయాయి. బ్రతికి ఉన్న ఇతరుల గురించి మళ్ళీ ఉదాహరణ చెప్పలేదు. దొంగతనం గురించి చెప్పాలంటే, చేరిన కొత్తలో వర్క్‌షాపు నుంచి తాను జేబులో వేసుకొచ్చిన ఇత్తడి నట్ల సంగతే చెప్పేవారు. ఆ నట్ల కథ నేను కనీసం ముప్పైసార్లు విని ఉంటాను. నేను డిగ్రీ చదివే రోజులలో ఆయన కంటికి శుక్లం వచ్చింది. వర్తమానపు ముఖ్యాంశాలు ఆయన చెబుతుంటే నోటుబుక్కులో రాసిపెట్టే పని నాకు పడింది. ప్రతి పేజీ చివర ఒకటే ప్రశ్న, "ఈ మాట ఎవరికన్న తగుల్తదా?" తగిలితే తీసేయాలని కాదు, పాపానికి తగలాలి, మనిషికి తగలకూడదు. తరువాత వేదాంత కళాశాలలో ప్రసంగశాస్త్రం చదువుకున్నప్పుడు, ఉదాహరణలు ప్రసంగానికి కిటికీల వంటివని విన్నాను. ఆ కిటికీలోంచి ఎవరి ఇల్లు కనబడుతుందో చూసుకోవాలన్నది నాకు అంతకుముందే తెలుసు.

పిలుపు అంటే బాలుడైన సమూయేలుకు వినబడినట్లు రాత్రివేళ పేరు పెట్టి పిలిచే స్వరం వినబడాలని నేను చాలా కాలం అనుకున్నాను. నాకు ఏ స్వరమూ వినబడలేదు. 2007లో వారాసిగూడలో ఒక పెద్దమనిషి భార్య చనిపోయి మూడు రోజులైంది. నాన్నగారికి జ్వరం, గొంతు పెగలడం లేదు. "పోయి తొంభయ్యో కీర్తన చదివి రా, ఏమీ చెప్పకు" అని నన్ను పంపారు. చదివాను, ఏమీ చెప్పలేదు. ఆ పెద్దమనిషి వంటగది వైపు చూస్తూ అరగంట కూర్చున్నారు, నేనూ కూర్చున్నాను. లేచి వస్తుంటే, "వచ్చే మంగళవారం గూడ వస్తవా బిడ్డా?" అని అడిగారు. నా పిలుపు అంతే. వెళ్ళాను, ఆ తరువాతి మంగళవారం కూడా వెళ్ళాను, రెండేళ్ళు తిరిగేసరికి అకౌంట్సు ఉద్యోగానికి రాజీనామా రాశాను.

ఇక వారసత్వం మాట. నాన్నగారు మోకాళ్ళ నొప్పులతో సంఘాన్ని అప్పగించదలచినప్పుడు, విశ్వాసులు కొందరు అల్లుడి పేరు ఎత్తారు. "సంఘం నా పి.ఎఫ్. కాదు, నామినీ పేరు రాయనీకి" అన్నారాయన. నగరంలో ఏ చౌరస్తాలో చూసినా ఉజ్జీవ సభల ఫ్లెక్సీ మీద తండ్రి, తల్లి, కొడుకు, కోడలు, పేర్ల ముందు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని డాక్టరు బిరుదులు, మూలన తపాలా బిళ్ళంత క్రీస్తు. వీటిని చూసినప్పుడల్లా నాకు బైబిలులోని యాజకుడు ఏలీ కొడుకులు గుర్తుకువస్తారు. యాజకుడి ఇంట్లో పుట్టినవారే, మందిరంలో పెరిగినవారే. నేర్చుకున్నది మాత్రం ఉడుకుతున్న బలిమాంసంలో మూడు ముళ్ళ కొంకి గుచ్చి తమ వంతు లాక్కోవడం. అంతటి సమూయేలు కొడుకులు కూడా లంచాలు తిన్నారు. తన శిష్యుడు తిమోతి విశ్వాసానికి మూలం చెప్పవలసి వచ్చినప్పుడు పౌలు పేర్కొన్నది ఏ బోధకుణ్ణీ కాదు, అవ్వ లోయిని, తల్లి యునీకేను. వారు ఎక్కడైనా ప్రసంగించినట్లు బైబిలులో లేదు.

అయితే నాన్నగారికీ నాకూ అంతా సాఫీగా జరిగిందని అనుకోవద్దు. నేను పెళ్ళయ్యాక చేరిన అత్తగారి సంఘం సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా). "పసిపిల్లల నెత్తి మీద నీళ్ళు చల్లి బాప్తిస్మమిచ్చే సంఘమా?" అన్నది ఆయన మొదటి అభ్యంతరం. స్త్రీలు సంఘములలో మౌనముగా ఉండవలెనన్న కొరింథీ పత్రిక మాట రెండోది, మొదటిదానికన్నా పెద్దది. హెబ్రోనులో పెరిగిన మనిషికి, కూతురు తెల్లని అంగీ వేసుకొని బలిపీఠం దగ్గర నిలబడటం ఊహకు కూడా అందేది కాదు. లోయర్ ట్యాంక్‌బండ్ పక్కనున్న ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చేరుతున్నానని 2009లో చెప్పినప్పుడు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు, చేతితో రాసిన తన నోటుబుక్కులు రెండు సంచులలో పెట్టి పంపారు. ఆ విషయం మీద అంతకు మించి మా మధ్య చర్చ జరగలేదు. నా చదువు ముగిసిన 2013లోనే పుష్పలలిత గారు నంద్యాల డయాసిస్‌కు (బిషప్పు కింద ఉండే సంఘాల ప్రాంతానికి) బిషప్పుగా అభిషేకం పొంది, సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్పు అయ్యారు. పత్రికలో వచ్చిన ఆ ఫోటోను అమ్మ కత్తిరించి బైబిలులో పెట్టుకుంది. నాన్నగారు చూశారు, ఏమీ అనలేదు.

ఆ మరుసటి ఏడాది, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు ఆదివారం ఒకటి నాకు ప్రసంగం అప్పగించారు. నాన్నగారు వచ్చారు గానీ లోపలికి రాలేదు. వరండాలో చెప్పులు విడిచే చోట కుర్చీ వేయించుకొని, కర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకొని, గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. తప్పిపోయిన కుమారుని గురించి చెప్పాను. కొడుకు వస్తాడని రెండేళ్ళుగా రాత్రి తలుపు గడియ వేయని ఒక తల్లిని, పేరు చెప్పకుండా, ఉదాహరణగా తెచ్చాను. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు. నాకు సంతోషమైంది, దాచడమెందుకు.

ఆటోలో ఇంటికి వస్తున్నప్పుడు సంగీత్ చౌరస్తా దాటేదాకా ఆయన మాట్లాడలేదు. ప్రసంగం బాగుందనీ అనలేదు, స్త్రీలు మాట్లాడకూడదనీ అనలేదు.

"ఆ గడియ పెట్టని తల్లి బోయిన్‌పల్లిల ఉండే ఆమెనేనా?"

"అవును నాన్నా."

"అడిగి చెప్పినవా?"

అడగలేదు. మరునాడు సాయంత్రం ఖాళీ చేతులతో బోయిన్‌పల్లి బస్సు ఎక్కాను.